కప్ప కాదట

గయానాలో రోడ్డు సర్వే పనికి వచ్చిన మొదటి మూడు నెలలూ ఆ గొంతు కప్పదే అనుకున్నాను. లిండెన్ నుంచి లెథెమ్ వెళ్లే ఎర్రమట్టి దారి పక్కన, అడవిలో మా క్యాంపు. తెల్లవారగానే ట్రైపాడ్ భుజాన వేసుకుని బయలుదేరేవాళ్లం. ఆ వేళకే పైనుంచి బెకబెకకూ గురకకూ మధ్యరకం చప్పుడు ఆగి ఆగి వచ్చేది. చెట్టు కప్పలకు ఇక్కడ కొదవ లేదు కాబట్టి అనుమానం రాలేదు.

సర్వేలో ప్రిజం పట్టుకునే పెద్దాయన, ఇక్కడి మాకుషీ తెగవాడు, ఒకరోజు నవ్వాడు. "కప్ప కాదు ఇంజినీరూ, పిట్ట."

అప్పటినుంచి నాకు మెడనొప్పి పట్టుకుంది. పెద్ద ముక్కు పిట్ట టూకాన్ అయితే చెట్టు చిటారున కూర్చుని ఊరందరికీ కనిపిస్తుంది. దాని చుట్టమే ఈ గయానా టూకనెట్, ముక్కుతో కలిపి జానెడున్నర. ఆకుల్లో దూరి కదలకుండా కూర్చుంటుంది. ముక్కు చూసి హార్న్‌బిల్‌కు బంధువనుకుంటాం గానీ, నిజానికి మన కంసాలి పిట్టకే దగ్గర.

చివరికి అది మేం కొలతలు తీసే టోటల్ స్టేషన్ దుర్భిణిలో దొరికింది. పెద్దాయన చేయి చూపించిన వైపు గొట్టం పైకెత్తి తిప్పాను. సన్నటి మానికోల్ చెట్టు, చిట్టి నేరేళ్లలాంటి పండ్ల గెల, పక్కన మగపిట్ట. నల్లటి తల, కంటి చుట్టూ నీలిపచ్చ చర్మం, చెవి దగ్గర ఎవరో చామంతి రేకులు దోపినట్టు పసుపు కుచ్చు. కూసిన ప్రతిసారీ తల వంచి, తోక ఎగరేస్తోంది. కొంచెం ఎడంగా ఆడపిట్ట. దాని రొమ్ము బూడిద రంగు. టూకాన్ జాతుల్లో చాలావాటికి ఆడామగా తేడా చెప్పలేం, వీటికి మాత్రం చూడగానే తెలుస్తుంది. 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ దీనికి 'మిరియాలు తినేది' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. నా కళ్లముందు మాత్రం అది గెల మీది పండ్లే మింగింది.

ఆ పది నిమిషాలు ఏ పద్దు కింద రాయాలో తెలియక, మంచు వల్ల రీడింగు కుదరలేదని రాశాను.

మర్నాడు ఆ కూత ఫోనులో పట్టి అమ్మకు పంపాను. ఇక్కడ ఉదయం ఆరు, ఖమ్మంలో మధ్యాహ్నం మూడున్నర. వెంటనే ఫోన్ చేసింది.

"కప్పలు గట్టిగానే అరుస్తున్నాయి నాన్నా, అక్కడ వానలా?"