గుండ్రాయి, 47వ రోజు: అన్నీ దారికొచ్చాయి, తేమ తప్ప

పొద్దున్నే భూతద్దం పెట్టి మా తాబేలు పిల్ల గుండ్రాయి వీపు చూశాను. వెన్ను వరసలో మూడో పలక చుట్టూ కొత్తగా వచ్చిన తెల్ల గీత చదునుగా రావాల్సింది పోయి మళ్ళీ లోపలికి దిగింది. అంటే పలక మధ్యభాగం ఇంకా పైకి లేస్తూనే ఉంది. పిరమిడింగ్ (పలకలు గూనుల్లా పైకి లేవడం) ఆగలేదు. పక్క పలకలన్నీ బుద్ధిగా, నున్నగా పెరుగుతున్నాయి, వెన్ను మీదున్న రెండు, మూడు నంబర్లే మొండికేశాయి. ఇన్ని రోజుల పాట్లకి ఫలితం ఇదా అని తేమ మీటర్ని గోడకేసి కొట్టాలనిపించింది. కానీ పాపం, ఈసారి తప్పు దానిది కాదు. దాని తప్పు వేరే ఉంది, అదీ చెప్తాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. గుండ్రాయి సల్కాటా అనే ఆఫ్రికా జాతి తాబేలు పిల్ల, వయసు 14 నెలలని ఇచ్చినవాళ్ళు చెప్పారు. వాళ్ళింట్లో పైన మూతలేని గాజు తొట్టిలో, పొడి రంపపు పొట్టు మీద, మామూలు టేబుల్ లైట్ కింద బతికింది. తిండి లెట్యూస్, అప్పుడప్పుడు టమాటా ముక్క. వచ్చిన రోజు బరువు 58 గ్రాములు, పొడవు 6.1 సెంటీమీటర్లు. గుడ్డులోంచి బయటికొచ్చినప్పుడే ఇవి 30, 40 గ్రాములుంటాయి, అంటే ఏడాది పైగా అది బతికింది తప్ప పెరగలేదు. డిప్ప నొక్కితే కొద్దిగా లోపలికి పోయేది. కళ్ళు గుంటలు పడ్డాయి. మొదటిసారి గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోబెడితే వచ్చిన యూరేట్లు (మూత్రంతో వచ్చే తెల్లటి వ్యర్థం) టూత్‌పేస్ట్ లా మెత్తగా కాదు, ఇసకలా గరగరలాడుతూ వచ్చాయి.

అక్కణ్ణుంచి దారికొచ్చినవి త్వరత్వరగా చెప్పేస్తాను. డిప్ప గట్టిపడింది, డాక్టర్ రాసిన కాల్షియం సిరప్ మూడు వారాల్లో ఆపేశాం. యూరేట్లు మెత్తబడ్డాయి. పేడ పరీక్షలో కనబడ్డ పురుగులు రెండో డోసుకి పోయాయి (కుక్కలకి వాడే ఐవర్‌మెక్టిన్ మాత్రం తాబేళ్ళకి విషం, దాన్ని ఎవరు సలహా ఇచ్చినా దండం పెట్టి వచ్చేయండి). గరిక, మందారాకు, మల్బరీ ఆకు తింటోంది, లెట్యూస్ మీద మోజు తగ్గడానికే 11 రోజులు పట్టింది. మజూరి అనే కంపెనీ తాబేలు మేత గుళికలు వారానికి రెండుసార్లు నానబెట్టి పెడుతున్నాను. అది మోసం, బద్ధకం అనేవాళ్ళున్నారు గానీ ఎండిపోయి వచ్చిన పిల్లకి దానికి మించింది నాకు కనబడలేదు. ఆదివారం పొద్దున స్నానానికి ముందే తూస్తాను. 58, 63, 64, 64, 63, 67, 72. ఇవాళ వారం మధ్యలో ఆగలేక తూస్తే 74. మొదట పెరిగిన ఐదు గ్రాములూ వట్టి నీళ్ళే, అసలు పెరుగుదల గత రెండు వారాలదే.

ఇక అసలు తలనొప్పికి వద్దాం. 2003లో సల్కాటా పిల్లల మీదే చేసిన ఒక ప్రయోగం ఉంది. తిండిలో ప్రోటీన్ ఎక్కువైతే డిప్ప మీద గూనులొస్తాయని అప్పటిదాకా అందరూ గట్టిగా నమ్మేవాళ్ళు. ఆ ప్రయోగంలో ప్రోటీన్ ప్రభావం కొంచెమే, గాలి పొడిగా ఉండటం ప్రభావం చాలా ఎక్కువ అని తేలింది. అందుకే మొదటి రోజు నుంచే నా దృష్టంతా తేమ మీద. గురి 80 శాతం. చూడ్డానికి ఎంత సులువు!

నాది 120 × 60 సెంటీమీటర్ల పెట్టె, మొదట పైన మూత లేదు, 100 వాట్ల లైట్ వేలాడదీశాను. రోజుకి ఐదుసార్లు స్ప్రే. కొట్టగానే మీటర్ 85 చూపించేది, సంబరపడి టీ పెట్టుకుని వచ్చేలోపు 60, నలభై నిమిషాలకి 48. వారం రోజులు నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను, తర్వాత కూర్చుని లెక్క వేస్తే తెలిసింది. గది గాలి 24 డిగ్రీలు, 45 శాతం తేమ. ఆ గాలి పెట్టెలోకి దిగి 30 డిగ్రీలకి వేడెక్కితే, అందులో ఉన్న ఆవిరి అంతే ఉన్నా, తేమ శాతం 32కి పడిపోతుంది. పైగా లైట్ వేడికి గాలి పైకి లేచి బయటికి పోతుంటే కింద నుంచి కొత్త పొడి గాలి వస్తూనే ఉంటుంది. అంటే నేను కట్టింది పెట్టె కాదు, పొగగొట్టం. దాన్ని స్ప్రే బాటిల్‌తో తడపాలనుకోవడం చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

తర్వాత ఫాగర్, అంటే నీళ్ళని పొగమంచులా చేసి వదిలే యంత్రం. ఇది చాలామంది చెప్పే మందు, నా అభిప్రాయంలో చిన్న పెట్టెలకి పనికిరాదు. పొగమంచు చూడ్డానికి అడవిలా బాగుంది గానీ మూడు రోజుల్లో అన్నిటి మీదా తెల్ల పొడి పేరుకుంది, కుళాయి నీళ్ళలోని లవణాలన్నమాట. అది గుండ్రాయి ఊపిరితిత్తుల్లోకీ పోతోందిగా అని తట్టి తీసేశాను. దానికి తోడు ఫాగర్ నోటి దగ్గర నేల చల్లబడి 23 డిగ్రీలకి దిగింది. 24వ రోజు పొద్దున ముక్కు దగ్గర ఒక బుడగ కనబడింది. ఒకే ఒక్క బుడగ, కానీ ఊపిరితిత్తుల జబ్బుకి అది మొదటి సూచన కావచ్చు. ఆ టెన్షన్‌లో ఆ రోజు ఆఫీసులో ఏం చేశానో గుర్తులేదు. సాయంత్రానికి మళ్ళీ రాలేదు, రెండో రోజూ రాలేదు. తేమ ఉంటే వేడి కూడా ఉండాలి, రాత్రి 27కి తగ్గకూడదు. చల్లటి తడి కంటే పొడిగా ఉండటమే నయం. ఇది నాకు ముందే తెలుసు, ఎంతోమందికి చెప్పాను కూడా, అయినా చేశాను.

మూడో ప్రయత్నం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పెట్టె పైన మూడింట రెండు వంతులు పాలికార్బొనేట్ షీట్‌తో కప్పాను. తేమ 70 దాటింది, రాత్రిళ్ళు 76. పండగే. తొమ్మిది రోజుల తర్వాత, పలకల మధ్య గీతలు ఫొటో తీద్దామని ట్యూబ్ సర్దుతుంటే బుర్రలో లైట్ వెలిగింది: యూవీబీ ట్యూబ్ (డిప్ప గట్టిపడటానికి కావాల్సిన అతినీలలోహిత కిరణాలిచ్చే లైట్) షీట్‌కి పైన ఉంది. పాలికార్బొనేట్ యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, గాజులాగే. సోలార్‌మీటర్ 6.5 (ఆ కిరణాల బలం కొలిచే మీటర్) పెట్టి చూస్తే షీట్ కింద 0.0. మెత్తబడ్డ డిప్పతో వచ్చిన పిల్లని తొమ్మిది రోజులు చీకట్లో పెట్టినట్టే. బరువు 64, 64, 63 అని ఆగిపోయిందే, ఆ రోజులవే ఇవి. కారణం అదేనా అంటే చెప్పలేను, ఫాగర్ చలి కూడా ఆ రోజుల్లోనే పడింది, రెండూ కలిసి ఆకలి చంపాయేమో. మీటర్ ఇంట్లో ఉండి కూడా షీట్ వేశాక ఒక్కసారైనా పెట్టి చూడలేదు.

ట్యూబ్ షీట్ లోపలికి దించాను. ఆర్కేడియా 12 శాతం టీ5 ట్యూబ్, దానితో నాకు ఏ ఫిర్యాదూ లేదు, కాయిల్ బల్బుల జోలికి మాత్రం జన్మలో పోను. లోపల బిగిస్తే డిప్ప ఎత్తు నుంచి 25 సెంటీమీటర్ల దూరంలోనే వచ్చింది, యూవీఐ (ఆ కిరణాల బలం చెప్పే అంకె) 7 దాటింది, పిల్లకి అది మరీ ఎక్కువ. బ్రాకెట్ మార్చి 38 సెంటీమీటర్లకి జరిపితే 3.6. ఇప్పుడు అక్కడే ఉంది.

నాలుగోది, పూర్తిగా మూసేయడం. లైట్ కూడా లోపలే. ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లోనే ఉండటం నా అదృష్టం. థర్మోస్టాట్ సెన్సర్ని చల్లని మూల పెట్టాను, ఆ మూల 28కి రావడానికి అది లైట్ ఆపకుండా వెలిగిస్తూనే ఉంది, లైట్ కింద నేల 41. టెంపరేచర్ గన్ పెడితే గుండ్రాయి డిప్ప పైభాగం 43! తీసి నీళ్ళలో కూర్చోబెట్టాను, గుటకలేస్తూ తాగింది. చిన్న తాబేలుకి వీపు లైట్‌కి దగ్గరగా ఉంటుంది, ఒళ్ళు వేడెక్కే లోపలే వీపు కాలిపోతుంది. సెన్సర్ని వేడి వైపు, డిప్ప ఎత్తులో కట్టాను. 100 వాట్లు తీసేసి 50 వాట్ల హాలోజన్ ఫ్లడ్ బల్బు (వెలుగుని వెడల్పుగా పరిచేది) పెట్టాను. సన్నటి వెలుగు వలయం వేసే స్పాట్ బల్బులు పిల్లలకి వద్దే వద్దు.

ఇక్కడ మీటర్ కథ. నా దగ్గర రెండున్నాయి, ఒకటి ముల్లు ఉండేది, ఒకటి డిజిటల్. ఒకే చోట పెడితే ఒకటి 61, ఇంకోటి 78. నిజం మధ్యలో ఎక్కడో ఉంటుందని సరాసరి తీస్తూ వచ్చాను (నవ్వకండి). చివరికి ఉప్పు పరీక్ష చేశాను. సీసా మూతలో ఉప్పు, తడి ఇసకలా అయ్యేంతవరకే నీటి చుక్కలు, దాంతోపాటు రెండు మీటర్లనీ జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేయాలి. లోపల తేమ 75 దగ్గర నిలబడాలి. పొద్దున ముల్లుది 62, డిజిటల్‌ది 79. అంటే ఒకటి 13 తక్కువ చెప్తోంది, ఇంకోటి 4 ఎక్కువ. మొదటి నెల నోట్‌బుక్‌లో ఏ అంకె ఏ మీటర్‌దో రాసుకోలేదు, కాబట్టి పైన నేను చెప్పిన పాత తేమ అంకెలన్నీ కొంచెం అటూ ఇటూగానే తీసుకోండి. ముల్లుది ఇప్పుడు వంటింట్లో గోడకి అందంగా ఉంది.

అలా సరిచేసిన మీటర్‌తో, మూసిన పెట్టెలో, 8 సెంటీమీటర్ల కోకోపీట్ అడుగు పొరకి మూలల్లో గోరువెచ్చటి నీళ్ళు పోస్తూ (పైపొర పొడిగానే ఉండాలి, లేకపోతే కింది డిప్ప కుళ్ళుతుంది), ప్రస్తుతం పగలు 80, రాత్రి 84. చల్లని మూల కూడా 27. స్ప్రే రోజుకి ఒక్కసారి. రెండు వారాలుగా ఇలాగే నిలకడగా ఉంది. మరి వెన్ను పలకలు ఎందుకు లేస్తున్నాయి?

మధ్యాహ్నమంతా దీని మీదే కూర్చున్నాను. నా అనుమానం ఇది. మీటర్ ఉన్న చోట 29 డిగ్రీలు, 80 శాతం. అదే గాలి లైట్ కింద 38 డిగ్రీల డిప్పని తాకి ఆ వేడికి వస్తే, మొదట్లో వేసిన లెక్క ప్రకారమే, అక్కడ తేమ 48 శాతం. నేల దగ్గర వర్షాకాలం, వీపు మీద ఎండాకాలం. పక్క పలకలు వంపులో ఉంటాయి కాబట్టి లైట్ నేరుగా పడదు, అవి బాగున్నాయి. నడినెత్తిన లైట్ పడేవి సరిగ్గా రెండు, మూడు నంబర్లే. ఎన్ని గంటలు కూర్చుంటోందో చూద్దామని నిన్న పాత ఫోన్‌తో వీడియో పెట్టాను: లైట్ కింద మొత్తం 3 గంటల 50 నిమిషాలు, అందులో 2 గంటలు ఏకబిగిన. బతుకంతా వేడి చూడని పిల్ల, దొరికింది కదా అని అక్కడే పడుకుంటోంది పాపం.

ఇది కాక ఇంకో రెండు అనుమానాలున్నాయి. పాత గూని ఆకారమే కొత్త పెరుగుదలని వంచుతుందేమో, అప్పుడు గీత చదునుగా మారడానికి నెలలు పడుతుంది, నేను తొందరపడుతున్నట్టు. లేదా ఆ గీత లైట్ సంగతి తేలకముందు, 41 డిగ్రీల రోజుల్లో మొదలైనదై ఉండొచ్చు. మూడో పలక మీద గీత వెడల్పు ఇప్పుడు 1.2 మిల్లీమీటర్లు, పక్క పలకల మీద 0.9. డిజిటల్ కాలిపర్‌తో కొలిచాను, కదులుతూనే ఉంటుంది కాబట్టి మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకున్నాను.

రేపటి నుంచి మార్పులు: లైట్ ఎత్తు 6 సెంటీమీటర్లు పెంచి డిప్ప మీద 34 దాటకుండా చూడటం. అలా చేస్తే అదే గాలి వీపు దగ్గర 60 శాతం వరకు నిలుస్తుంది. లైట్‌ని ఏకబిగిన కాకుండా పొద్దున గంటన్నర, మధ్యాహ్నం గంటన్నర మాత్రమే వెలిగించి, మిగతా వేడి థర్మోస్టాట్ మీదున్న సిరామిక్ హీటర్‌కి వదిలేయడం. లైట్ ఆరిన వెంటనే వీపు మీద గోరువెచ్చటి నీళ్ళు ఒక స్ప్రే. వీపుకి కొబ్బరి నూనె రాయమని ఒకరిద్దరు చెప్పారు, అది నాకు నచ్చలేదు, దుమ్ము పట్టడం తప్ప ఏం ఒరుగుతుందో తెలియదు. సిరామిక్ హీటర్ కూడా పైనుంచే కాలుస్తుంది కాబట్టి దాన్ని చల్లని వైపు జాలీ పంజరంలో బిగిస్తాను, గుండ్రాయి సరిగ్గా దాని కింద కూర్చోకుండా ఒక రాయి అడ్డం.

ఎండలో తిప్పడం కూడా మొదలెట్టాలి, రోజుకి అరగంట, నీడ మూల ఉన్న చిన్న జాలీలో, ఎదురుగా నేను కుర్చీ వేసుకుని. 100 గ్రాములు దాటాక పెద్ద పెట్టె. దాని కొలతలు గీయడం ఇప్పటికే మొదలెట్టాను, 180 × 90, మూత లోపలివైపే అన్ని లైట్లూ, ఈసారి ట్యూబ్ షీట్‌కి కింద. మూడో పలక గీత మళ్ళీ 61వ రోజున కొలుస్తాను, అప్పటిదాకా భూతద్దం డ్రాయర్లో పెట్టి తాళం వేయమని ఇంట్లో చెప్పాను.