సీసం నా ఒంట్లోకి ఎలా వచ్చిందంటే

మొదట మలబద్ధకం. దాన్ని జబ్బని ఎవరనుకుంటారు? రెండు అరటిపళ్ళు తిని ఊరుకున్నాను. తర్వాత బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. తడిగుడ్డ పిండినట్టు పేగుల్ని పట్టి పిండేది. పది నిమిషాలుండి వదిలేసి, గంట తర్వాత మళ్ళీ వచ్చేది. పొట్టని గట్టిగా అదిమి పట్టుకుంటే మాత్రం కాస్త ఉపశమనం. ఆఫీసులో బల్ల అంచుకి పొట్ట ఆనించి కూర్చునేవాణ్ణి. నోట్లో రూపాయి బిళ్ళ చప్పరిస్తున్నట్టు ఎప్పుడూ అదే రుచి.

మేముండేది చెన్నై కొరుక్కుపేటలో. సొంతూరు తడ దగ్గర. నాన్న పులికాట్ సరస్సులో విసురు వల వేసేవారు. నేను ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాస్తాను గానీ, ఆదివారం వస్తే బావతో కలిసి వల పట్టుకుని పులికాట్ వెళ్ళాల్సిందే. వల అంచుకి కట్టే సీసపు గుళ్ళు డబ్బు పెట్టి కొనడమెందుకని మేడ మీద రేకుల షెడ్డులో సొంతంగా పోసుకోవడం మొదలుపెట్టాను. కాశిమేడులో తెలిసినవాళ్ళు అడిగితే వాళ్ళకీ కిలోల లెక్కన పోసిచ్చాను. రెండేళ్ళపాటు దాదాపు ప్రతి శనివారం రాత్రీ అదే పని.

ఆ పనంటే నాకు నిజంగా ఇష్టం. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇనప మూకుట్లో ముక్కలు చాలాసేపు కదలకుండా ఉంటాయి, తర్వాత ఉన్నట్టుండి కుంగిపోయి అద్దంలా మెరుస్తాయి. అంతలోనే పైన బూడిదరంగు మీగడ కడుతుంది. చిన్న కొవ్వొత్తి ముక్క వేసి కలిపితే మంట లేచి, మురికంతా పైకి తేలుతుంది. ఆ చిట్టెం గరిటెతో తీసి పక్కన డబ్బాలో వేయాలి. అచ్చు చల్లగా ఉంటే మొదటి నాలుగైదు గుళ్ళు ముడతలు పడి వస్తాయి, వాటిని తిరిగి మూకుట్లో వేయాలి. అచ్చు కాగాక వచ్చేవి నున్నగా ఉంటాయి. మరీ కాగిపోతే సీసం మీద పసుపు, ఊదా రంగులు తిరుగుతాయి, అప్పుడు మంట తగ్గించాలి. అన్నిటికంటే భయం నీళ్ళంటే. కరిగిన సీసంలో తడి ముక్క పడితే నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై మొత్తం మొహం మీదికి చిమ్ముతుంది. అందుకే బూట్లు, కళ్ళద్దాలు, తోలు గ్లవ్స్ వేసుకునేవాణ్ణి. షెడ్డుకి మూడు వైపులా గాలి వస్తుంది కాబట్టి పొగ గురించి దిగుల్లేదనుకున్నాను.

నొప్పి మొదలైన అయిదు నెలల్లో నలుగురు డాక్టర్లని చూశాను. గ్యాస్ అన్నారు, టెన్షన్ అన్నారు. స్కానింగ్, ఎండోస్కోపీ చేశారు, ఏమీ కనపడలేదు. ఒకరు అపెండిక్స్ తీసేద్దామన్నారు. హిమోగ్లోబిన్ 9కి పడిపోతే ఐరన్ మాత్రలు రాశారు, అవి మలబద్ధకాన్ని ఇంకా పెంచాయి. మోకాళ్ళ నొప్పులు, చికాకు. ఓ రోజు పాప పెన్సిల్ కింద పడేసిందని అరిచిన అరుపుకి మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఏళ్ళుగా చేస్తున్న లెక్కల్లో కూడికలు తప్పుతుంటే ఉద్యోగం పోతుందేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

అయిదో డాక్టరమ్మ పెద్దాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఆవిడ. పెదవి కిందికి లాగి టార్చి వేసి చిగుళ్ళు చూశారు. పంటి మొదళ్ళ వెంట పెన్సిల్‌తో గీసినట్టు నీలి గీత. ఏ పని చేస్తారని అడిగారు. లెక్కలు రాస్తానన్నాను. నాటు మందులు, భస్మాలు వాడతారా? లేదండీ. ఇంట్లో ఈయ చెంబులో రసం పెడతారా? తమిళంలో తగరాన్నీ ఈయమే అంటారు, సీసాన్నీ ఈయమే అంటారు. తగరం వెళ్ళీయం, సీసం కారీయం. చారు చెంబు తగరంతో చెయ్యాలి, సీసం కలిస్తే ప్రమాదం. ఆవిడ ఆ మాట విడమరిచి చెబుతుంటే నాకు అరచేతులు చెమట పట్టాయి. "మేడమ్, నేను ఇంట్లో కారీయం కరిగించి వల గుళ్ళు పోస్తాను" అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టేశారు.

అంతకు ముందు నలుగురూ అది అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇది చదివేవాళ్ళలో సీసంతో పని చేసేవాళ్ళుంటే దయచేసి డాక్టరు అడగకపోయినా చెప్పండి.

రక్తంలో సీసం డెసిలీటరుకి 78 మైక్రోగ్రాములు వచ్చింది. 5 దాటితేనే ఎక్కడినుంచి వస్తోందో వెతకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్ర కణాల్లో నీలి చుక్కలున్నాయట. రక్తం తయారీనే సీసం చెడగొడుతుంది, అందుకే ఐరన్ మింగినా హిమోగ్లోబిన్ పెరగలేదు.

గాలి ఆడే చోట చేశాను కదా అన్నాను. గుళ్ళు పోసేటంత వేడిలో ఆవిరి తక్కువేనని, అసలు విషం ఆ చిట్టెం పొడిలో ఉందని ఆవిడ చెప్పాక ప్రతి శనివారం కళ్ళ ముందు తిరిగింది. పాత ఇనప కొట్టులో చవగ్గా దొరుకుతున్నాయని బ్యాటరీ ప్లేట్లు తెచ్చి సుత్తితో కొట్టేవాణ్ణి. వాటి నిండా సీసపు పొడే. పని అయ్యాక చీపురుతో పొడిగా ఊడ్చేవాణ్ణి, అది లేచి ఒంటి మీద పడేది. మధ్యలో గ్లవ్స్ తీసి, అదే బల్ల మీద టీ గ్లాసు పెట్టుకుని, అవే వేళ్ళతో మురుకులు తినేవాణ్ణి. అదే చొక్కాతో కిందికి దిగితే ఆరేళ్ళ పాప వచ్చి మెడకి చుట్టుకునేది.

పాప రక్తం తీయించమన్నారు. రిపోర్టు రావడానికి నాలుగు రోజులు పట్టింది. పిల్లల పేగులు పెద్దవాళ్ళ కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా సీసం పీల్చుకుంటాయట. 19 వచ్చింది. ఆ కాగితం మా ఆవిడ చేతికిచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. కాసేపటికి బకెట్టు, తడిగుడ్డ తీసుకుని మేడ మీదికి వెళ్ళింది.

పాపకి ఒంట్లోంచి సీసం తీసే మందు అవసరం లేదన్నారు. 45 దాటితే గానీ పిల్లలకి ఆ మందు మొదలుపెట్టరు. ఇంట్లో సీసం లేకుండా చేయడం, ఆకలితో ఉంచకపోవడం, పాలు, రాగులు, ఆకుకూరలు. ఒంట్లో ఐరన్, క్యాల్షియం తక్కువైతే పేగులు సీసాన్ని ఎక్కువగా తీసుకుంటాయి. నాకు మాత్రం డి-పెనిసిలమైన్ ఇచ్చారు. పరగడుపున మింగాలి, తోడుగా బి6 మాత్ర, వారం వారం రక్తం, మూత్రం పరీక్షలు. సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి లాగే మందు అది. ఆ పని మానకుండా మందు వాడితే మేలు కంటే చెడే ఎక్కువని గట్టిగా చెప్పారు.

పది రోజుల్లో కడుపు నొప్పి పోయింది. మొదటి కోర్సు అయ్యేసరికి 78 కాస్తా 33కి దిగింది. స్వీట్లు పంచాం. మూడు వారాలకి మళ్ళీ తీస్తే 46! నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ కంగారు పడలేదు. ఒంట్లో ఉన్న సీసంలో తొంభై శాతానికి పైగా ఎముకల్లో దాక్కుంటుంది, క్యాల్షియం అనుకుని ఎముక దాచుకుంటుంది. రక్తంలోది తీసేస్తే ఎముక మళ్ళీ వదులుతుంది. రక్తంలో ఉన్నది సగం కావడానికి దాదాపు నెల పడుతుంది, ఎముకలో ఉన్నది సగం కావడానికి ఏళ్ళకేళ్ళు. రెండో కోర్సు వేశారు.

ఈలోగా ఇల్లు. చీపురు ముట్టకుండా అంతా తడిగుడ్డతోనే తుడిచాం. చాపలు, నా పాత చొక్కాలు పారేశాం. షెడ్డు పక్కనున్న కరివేపాకు కుండీ తీసేస్తుంటే మా ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి, రెండేళ్ళు ఆ ఆకే తాలింపులో వేసింది. మిగిలిన సీసం, చిట్టెం మూతల డబ్బాల్లో బిగించి, బ్యాటరీలు తీసుకునే లైసెన్సున్న డీలరుకి అప్పగించాను.

బావ మాత్రం ఒప్పుకోలేదు. "మీ నాన్న జీవితమంతా సీసం పోశాడు, ఏమైంది?" అన్నాడు. నాన్న చివరి రోజుల్లో చేతులు వణికేవి. ఎందుకో ఎవరూ పరీక్ష చేయలేదు. ఆ మాట అన్నాక బావ ఏమీ మాట్లాడలేదు. రెండు వారాల తర్వాత తనే వచ్చి రక్తం ఇచ్చాడు, 27.

ఏడాది దాటింది. నాది 16, పాపది 6. మోకాళ్ళు ఇంకా నొప్పిగానే ఉన్నాయి, కూడికలు మాత్రం తప్పడం లేదు. పోయిన ఆదివారం వల అంచుకి సీసం బదులు సన్నటి ఇనప గొలుసు కట్టి పులికాట్ వెళ్ళాం. సీసమంత బరువు లేదు కాబట్టి వల నెమ్మదిగా దిగుతుంది, లాగడానికి ఇంకో రెండు మూడు అంకెలు లెక్కపెట్టుకుని ఆగాలి. పాప ఒడ్డున నిలబడి బిగ్గరగా లెక్కపెట్టింది.