తంతి చదివిపెట్టిన రోజులు

మన బడి గోడకి ఆనుకుని ఉన్న పోస్టాఫీసు గుర్తుందా? 1978లో మనం తొమ్మిదో తరగతి. అన్నాలవేళ కిటికీ దగ్గర నిలబడితే లోపల టక్కుటక్కుమని మోర్సు చప్పుడు, అంటే తంతి (టెలిగ్రాం) అక్షరాలు చుక్కలూ గీతలుగా వచ్చే సంకేతాల చప్పుడు; పోస్టుమాస్టారు తల ఎత్తకుండా పెన్సిలుతో అక్షరాలు రాసుకుంటూ పోయేవారు. చుక్క, గీత అయితే ఏ; గీత, చుక్క అయితే ఎన్ అని ఆయన చెప్పాక వారం రోజులు బెంచీల మీద మనం కొట్టింది అదే.

టెలిగ్రాం రాయడం మాత్రం ఇంగ్లీషు మాస్టారే నేర్పారు. మాటకింత అని డబ్బు, చిరునామాలో మాటలూ లెక్కే, అందుకని ముందు మొత్తం వాక్యం రాయించి ఒక్కో మాటా కొట్టేయించేవారు. క్షేమంగా చేరానని చెప్పడానికి 'రీచ్డ్ సేఫ్లీ' చాలు. "'ఐ' ఎందుకురా, కింద నీ పేరు ఉంటుందిగా!" అనేవారు.

ఆ చదువు ఊళ్లో పనికొచ్చింది. తంతి వచ్చిందంటే చావు కబురే అని అందరికీ భయం, కాగితం విప్పకముందే ఏడుపులు మొదలయ్యేవి, పైగా అది ఇంగ్లీషులో ఉండేది కాబట్టి హైస్కూలు పిల్లల కోసం పరిగెత్తుకొచ్చేవాళ్లు. మా వీధి చివరి మామ్మ కొడుకు మిలట్రీలో ఉండేవాడు. ఒకరోజు కాగితం నా చేతిలో పెట్టి, "ముందు బతికున్నాడా లేదా, అది చెప్పు నాయనా" అంది. నా చేతులు వణికాయి. 'లీవ్ గ్రాంటెడ్ స్టార్టింగ్ మండే'. సెలవు దొరికిందట మామ్మా, సోమవారం బయల్దేరుతున్నాడట అన్నాను. నమ్మలేదు. ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదవమంది, మూడుసార్లు చదివాను, అప్పుడు చెంగుతో మొహం తుడుచుకుని ఆ కాగితం బియ్యం డబ్బాలో దాచుకుంది. నా చదువు ఒకరికి అంతగా అక్కరకొచ్చిన రోజు మళ్లీ నాకు తెలియదు.

1850లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య ప్రయోగంగా వేసిన తీగతో మన దేశంలో మొదలైన తంతి, 2013 జూలై 14తో ఆగిపోయింది. ఆ రోజు హైదరాబాద్‌లో క్యూలో నిలబడి మన ఇంగ్లీషు మాస్టారికి 'రిమెంబరింగ్ యూ టుడే' అని పంపాను. అది అందిన తర్వాత ఆయనే ఫోన్ చేశారు.

"'టుడే' ఎందుకురా, పైన తేదీ ఉంటుందిగా!"