ఫ్రిస్కో ఎండల్లో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడం: నా అనుభవం

నిన్న తెల్లవారుజామున గానీ ఈ పని తెమల్లేదు. చేతులకు ఆయిల్ వాసన ఇంకా వదల్లేదు, నడుము పట్టేసింది. కోపం చల్లారకముందే రాసేస్తే మీకెవరికైనా పనికొస్తుందని కూర్చున్నాను.

మేముండేది టెక్సస్‌లో, డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో. బండి 2015 టొయోటా రావ్‌4, ఆరు గేర్ల ఆటోమేటిక్. లక్ష మైళ్లు దాటింది. ఇన్నేళ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ ఒక్కసారి కూడా మారలేదు. సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా కౌంటర్లో పెద్దమనిషి "అది లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్ సర్, ముట్టుకోనక్కర్లేదు" అనేవాడు. మొన్న లక్ష మైళ్లు దాటాక వెళ్తే అదే మనిషి, అదే చిరునవ్వుతో, "ట్రాన్స్‌మిషన్ ఫ్లష్ చేయించేయండి, మూడు వందల ఎనభై డాలర్లు" అన్నాడు. లైఫ్‌టైమ్ అయిపోయిందన్నమాట! (ఫ్లష్ అంటే గేర్‌బాక్స్‌లో పాత ఆయిల్ అంతా తోసేసి కొత్తది నింపడం.) ఇంటికొచ్చి బండితో ఇచ్చిన మెయింటెనెన్స్ పుస్తకం తీశాను. ట్రెయిలర్ లాగేవాళ్లు, పైన సామాన్లు కట్టుకుని తిరిగేవాళ్లు 60,000 మైళ్లకు ఈ ఆయిల్ మార్చాలని అందులోనే ఉంది. అంటే వేడెక్కితే ఈ ఆయిల్ కూడా పాడవుతుందనేగా. డల్లాస్ ట్రాఫిక్‌లో ఆగస్టు ఎండలో గంటలకొద్దీ పాకే బండి సంగతేమిటని అడిగితే మాత్రం ఎవరూ సమాధానం చెప్పరు. మనవాళ్లు కౌంటర్లో ఏది చెబితే దానికి తలూపి కార్డు గీకేస్తారు. ఆ పుస్తకం ఒక్కసారి తిరగేయండి, గ్లవ్‌బాక్స్‌లో ఊరికే పడి ఉంటుంది.

సరే, సామాను. టొయోటా డబ్ల్యూఎస్ ఫ్లూయిడ్ (ఈ గేర్‌బాక్స్‌కు పోయాల్సిన రకం ఆయిల్) నాలుగు క్వార్ట్‌లు (క్వార్ట్ అంటే లీటరుకు కాస్త తక్కువ), రెండు బోల్టులకూ కొత్త వాషర్లు, 6 ఎంఎం అలెన్ సాకెట్, టార్క్ రెంచి (ఎంత గట్టిగా బిగించామో చూపించేది), పొడుగు గొట్టమున్న గరాటు, నాలుగు జాక్ స్టాండ్లు. నాలుగూ కావాలి. బండి ముందు మాత్రమే ఎత్తితే ఆయిల్ అంతా వెనక్కి పోయి లెవెల్ తప్పు చూపిస్తుంది. ఆయిల్ విషయంలో పిసినారితనం వద్దు, డబ్ల్యూఎస్ అని ఉంటే డబ్ల్యూఎస్సే పోయండి.

పైన ఆయిల్ పోసే బోల్టు ముందు ఊడదీయాలి, కింది బోల్టు ఆ తర్వాతే. పైది తుప్పు పట్టి రాకపోతే, కింద ఖాళీ చేసేసిన బండిని టో ట్రక్కు ఎక్కించాల్సి వస్తుంది. మాది గట్టిగా ఒక్క గుంజుకే వచ్చింది. కింది బోల్టు తీశాక లోపల చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. దాన్నీ అదే అలెన్‌తో విప్పితేనే అసలు ఆయిల్ కిందికి దిగుతుంది. దిగింది. కొత్తది చెర్రీ రంగులో ఉంటే, దిగింది మాత్రం కాచిన డికాషన్. ఖాళీ పాల క్యాన్‌లో కొలిస్తే రెండు క్వార్ట్‌లకు కొంచెం పైన వచ్చింది. గొట్టం తిరిగి బిగించేటప్పుడు మాత్రం పహిల్వాన్ బలం చూపించకండి, అది ప్లాస్టిక్, విరుగుతుంది. కొలిచినంతకు కాస్త ఎక్కువే కొత్తది పోసి బోల్టులు పెట్టేశాను. ఇంతవరకూ గంటన్నర కూడా పట్టలేదు. ఈపాటి పనికి మూడు వందల ఎనభయ్యా అని గట్టిగానే నవ్వుకున్నాను.

అసలు తంతు అప్పుడు మొదలైంది.

ఈ గేర్‌బాక్స్‌కు డిప్‌స్టిక్ లేదు. లెవెల్ చూడాలంటే ఇంజిన్ నడుస్తుండగా, లోపలి ఆయిల్ 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు కింది బోల్టు తీయాలి. ఆ ప్లాస్టిక్ గొట్టం ఎత్తుకు మించి ఉన్న ఆయిల్ దానిలోంచి కారిపోతుంది. కారడం చుక్కలకు తగ్గాక బోల్టు పెట్టేస్తే లెవెల్ సరిపోయినట్టు. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది కాబట్టి 45 దాటాక చూస్తే ఉండాల్సింది కూడా బయటికి పోతుంది, 40 లోపు చూస్తే ఎక్కువ మిగిలిపోతుంది. వినడానికి బాగుంది కదా. మరి లోపలి వేడి మనకెలా తెలుస్తుంది? నా దగ్గరున్న చవక ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్‌కు తగిలించి చూసే పరికరం) ఇంజిన్ కూలెంట్ వేడి చూపిస్తుందే తప్ప గేర్‌బాక్స్‌ది చూపించదు.

దానికి బండిలోనే ఒక కిటుకు ఉంది. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌లో 4, 13 పిన్నులను చిన్న తీగతో కలిపి, ఇంజిన్ నడుస్తుండగా, బ్రేకు తొక్కి పట్టుకుని, గేరు లివర్‌ను ఎన్ (న్యూట్రల్) నుంచి డి (డ్రైవ్)కి, డి నుంచి ఎన్‌కి టకటకా ఆరు సెకన్లపాటు మారుస్తూ ఉండాలి. మీటర్లో డి లైటు రెండు సెకన్లు వెలిగితే బండి మన మాట విన్నట్టు. ఆ తర్వాత ఆ లైటే థర్మామీటర్. 40 లోపు ఆరిపోతుంది, 40-45 మధ్య నిలకడగా వెలుగుతుంది, 45 దాటితే మిణుకుమిణుకుమంటుంది. లివర్ మార్చేటప్పుడు బండి కింద ఎవరూ ఉండకూడదు. చక్రాలు గాల్లో ఉంటాయి, డిలో తిరుగుతాయి. పి (పార్కింగ్)లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేశాకే కిందికి దూరాలి.

లివర్ దగ్గర మా ఆవిడని కూర్చోబెట్టాను. ఇంజిన్ మీద లోడు పడకూడదు కాబట్టి ఏసీ కట్టేయాలి. బయట 104 ఫారెన్‌హీట్. తీగ పెట్టగానే మీటర్లో ఉన్న వార్నింగ్ లైట్లన్నీ ఒక్కసారి మిణుకుమనడం మొదలుపెట్టాయి.

"ఏవండీ, ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలుగుతోంది! ఏం పీకారు?"

"ఏం పీకలేదు, అది అంతే. నువ్వు లివర్ మారుస్తూ ఉండు."

"ఈ ఉడుకులో నా వల్ల కాదు. ఇంకో నిమిషం చూసి దిగిపోతా."

డి లైటు రెండు సెకన్లు వెలిగింది. హమ్మయ్య అనుకునేలోపే మిణుకుమనడం మొదలుపెట్టింది. కట్టేసి కాసేపాగి మళ్లీ చేశాం, మళ్లీ మిణుకే. తీగ మార్చాను, పిన్నులు లెక్కబెట్టి చూశాను, ఏదో కాల్చేశానేమోనని ఫ్యూజులు తీసి చూశాను. అర్థం కాలేదు. నేను చూసిన వీడియోల్లో అందరూ ఉన్ని టోపీలు పెట్టుకుని, నోట్లోంచి ఆవిర్లు వస్తుండగా, "పది నిమిషాలు ఇంజిన్ నడపండి, అప్పటికి 40కి చేరుతుంది" అనేవాళ్లే. టెక్సస్ గ్యారేజీలో ఏం జరుగుతుందో ఒక్కడూ చెప్పలేదు.

ఇంతలో సాయంత్రం వాకింగ్ మొదలైంది. ఫ్రిస్కోలో మా వీధి సంగతి తెలిసినవాళ్లకు తెలుసు: ఆరు దాటాక కొడుకుల దగ్గరికి, కూతుళ్ల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లంతా రోడ్డు మీదే ఉంటారు. గ్యారేజీ తలుపు సగం దించాను. రిపేర్లు కనిపిస్తే చాలు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ఉత్తరం వస్తుంది. కానీ ఆ సగంలోంచి నా కాళ్లు కనిపిస్తున్నాయిగా. ఒక బాబాయిగారు వంగి చూసి, "ఏం బాబూ, బండి ఆగిపోయిందా? మెకానిక్కుని పిలవకపోయారా?" అన్నారు. "లేదండీ, ఆయిల్ మారుస్తున్నా" అన్నాను. "అంటే ఇక్కడ మెకానిక్కులు దొరకరన్నమాట" అని పక్కాయనతో సానుభూతిగా చెప్పుకుంటూ వెళ్లారు. మరుసటి రౌండులో ఆ పక్కాయన ఆగి, "ఇంకా అవలేదా అండీ?" అన్నారు. మా అమ్మాయి కూచిపూడి క్లాసుకు ఎదురింటివాళ్ల బండిలో వెళ్లింది.

రాత్రి ఫ్యాన్ పెట్టి కింద నుంచి గాలి కొట్టిస్తూ, ఫోన్లో వాతావరణం చూస్తుంటే తట్టింది. 104 ఫారెన్‌హీట్ అంటే సరిగ్గా 40 సెల్సియస్! బయట గాలే ఆయిల్ కనీస వేడి దగ్గర ఉంటే, ఇంజిన్ తిరిగి, గేర్లు మార్చి, లైటు చూసేసరికి 45 ఎప్పుడో దాటిపోతుంది. బండి తప్పు లేదు, తీగ తప్పు లేదు. తప్పల్లా ఆగస్టుది.

పదకొండింటికి కూడా గ్యారేజీ కాగుతూనే ఉంది. పడుకుని, ఐదింటికి లేచి, నిద్రకళ్లతో ఉన్న మా ఆవిడని బతిమాలి కూర్చోబెట్టాను. ఈసారి డి లైటు రెండు సెకన్లు వెలిగి ఆరిపోయింది. మొదటిసారి ఆరిన లైటును చూసి సంతోషించాను. కొన్ని నిమిషాలకు వెలిగి, నిలబడింది. పి, హ్యాండ్ బ్రేకు, ఒక్క పరుగున కిందికి. బోల్టు తీయగానే సన్నని ఎర్రటి ధార మోచేతి మీదుగా జారి చొక్కాలోకి పోయింది. తుడుచుకోకుండా చూస్తూ పడుకున్నాను. ధార సన్నబడింది, తెగింది, చుక్కలుగా మారింది. కొత్త వాషర్‌తో బోల్టు పెట్టి 30 ఫుట్-పౌండ్లకు బిగించేశాను. "ఇంకా వెలుగుతోందా?" అంటే "వెలుగుతోంది, ఏసీ వేయనా?" అంది.

ఎండాకాలంలో చేసేవాళ్లకు నా సలహా ఒక్కటే: బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లారకముందే లెవెల్ చూడండి. దించిన ఆయిల్ కొలవడం కూడా మానకండి. లెవెల్ తేలేదాకా రాత్రంతా నాకు ధైర్యం ఇచ్చింది ఆ పాల క్యాన్ లెక్కే. పాత ఆయిల్ డ్రైనేజీలో పోయకండి, ఆటో పార్ట్స్ షాపులు ఊరికే తీసుకుంటాయి.

గేర్లు మెత్తగా పడుతున్నాయా అని అందరూ అడుగుతున్నారు. నిజం చెప్పాలంటే నాకు పెద్ద తేడా తెలియలేదు. ఒకసారి దించితే మూడోవంతే మారుతుంది, మిగతాది ఇంజిన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లోనూ లోపలి దారుల్లోనూ ఉండిపోతుంది. అందుకే డిసెంబరులో మరోసారి మారుస్తాను. స్టాండ్లు, రెంచి ఉన్నాయి కాబట్టి అప్పుడు ఖర్చు ఆయిల్‌కీ వాషర్లకీ మాత్రమే. కౌంటర్లో పెద్దమనిషి నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసి, ఫ్లష్ మీద ఈ వారం పది శాతం తగ్గింపు ఉందన్నాడు.