చవగ్గా వస్తోందని పాత మొబైల్ హోమ్ కొనేస్తున్నారా?

డాలస్ చుట్టుపక్కల ఇళ్ళ ధరలు చుక్కలనంటినప్పటి నుంచీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న తరచూ వస్తోంది. "అన్నా, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో సింగిల్ వైడ్ ఒకటి 15 వేల డాలర్లకే పెట్టారు, రెండు బెడ్రూములు, ఫొటోల్లో నీట్‌గానే ఉంది, తీసేసుకోనా?" మొబైల్ హోమ్ అంటే ఫ్యాక్టరీలో కట్టి లాక్కొచ్చి పెట్టే ఇల్లు, ఒకే ముక్కగా వస్తే సింగిల్ వైడ్, రెండు ముక్కలు పక్కపక్కన కలిపితే డబుల్ వైడ్. అడిగేవాళ్ళలో కొందరు ఉండటానికి చూస్తున్నారు, ఎక్కువమంది మాత్రం అద్దెకిచ్చుకుందామన్న ఆశతో ఉన్నారు. ఫ్రెండ్స్ వెంట వెళ్ళి నేనూ కొన్ని చూశాను, మా ఆఫీసు బిల్డింగ్‌లో మెయింటెనెన్స్ చేసే పెద్దాయన ఇలాంటి ఇంట్లోనే కాపురం ఉంటాడు కాబట్టి ఆయన్నీ బాగా విసిగించాను. ప్రతిసారీ అదే టైప్ చెయ్యలేక ఇక్కడ రాసి పెడుతున్నా, అడిగినవాళ్ళకి లింక్ పడేస్తే సరిపోతుంది.

ఇల్లు ఎలా ఉందన్నది తర్వాత సంగతి. ముందు దాని కింద నేల ఎవరిదో అడగండి.

మొబైల్ హోమ్ పార్క్‌లో ఉన్న ఇల్లయితే మీరు కొనేది పైనున్న డబ్బా మాత్రమే, నేల పార్క్ ఓనర్‌ది, దానికి నెలనెలా లాట్ రెంట్ కట్టాలి. ఉదాహరణకి లాట్ రెంట్ 750 డాలర్లు అనుకోండి, ఏడాదికి 9 వేలు, అంటే రెండేళ్ళు తిరక్కుండానే 15 వేల ఇంటికి ఇంకో 15 వేలు కట్టేసినట్టు. పైగా ఆ రెంట్ అక్కడే ఆగదు. పార్కుల్ని పెద్ద పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీలు కొనేస్తున్న రోజులివి, కొత్త ఓనర్ వచ్చాక రెంట్ పెరిగితే మీరు చేయగలిగిందేమీ ఉండదు. పేరుకి మొబైలే గానీ దాన్ని కదిలించడం ఆషామాషీ కాదు: పర్మిట్లు, లైసెన్స్ ఉన్న మూవర్, టైర్లు, యాక్సిల్స్, కొత్త చోట మళ్ళీ కింద దిమ్మలు, ఇంటిని నేలకి కట్టి ఉంచే యాంకర్లు, ఇంటి కింది ఖాళీని చుట్టూ మూసే స్కర్టింగ్, కరెంటు, ప్లంబింగ్. ఇదంతా వేల డాలర్ల లెక్క, డబుల్ వైడ్ అయితే రెండు ముక్కలు చేసి తీసుకెళ్ళాలి గనక ఇంకా ఎక్కువ. చాలాసార్లు ఇంటి ధర కంటే తరలింపు ఖర్చే ఎక్కువ. అందుకే "ఫ్రీగా ఇస్తాం, మీరే తీసుకెళ్ళండి" అన్న యాడ్స్ కూడా కనిపిస్తుంటాయి. వాటిని చూసి సంబరపడకండి, అసలు ముసళ్ళ పండగ ముందుంది.

పార్క్ రూల్స్ గురించి అమ్మేవాడిని కాదు, మేనేజర్‌ని అడగండి, చెప్పింది కాగితం మీద చూపించమనండి. కొనేవాళ్ళు కూడా పార్క్‌కి అప్లికేషన్ పెట్టుకుని అప్రూవల్ తెచ్చుకోవాలి, క్రెడిట్, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటాయి. కొన్ని పార్కులు 55 ఏళ్ళు దాటినవాళ్ళకే. కొన్నిచోట్ల ఇల్లు చేతులు మారితే, అది బాగా పాతదైతే, అక్కడి నుంచి తీసెయ్యమంటారు. ఇక అద్దెకిద్దామనుకునే వాళ్ళకి అసలు విషయం: చాలా పార్కుల్లో ఓనరే ఉండాలి, వేరేవాళ్ళకి అద్దెకివ్వకూడదు. ఈ ఒక్క ముక్క ముందే కనుక్కుంటే సగం బేరాలు అక్కడే ఆగిపోతాయి.

రెండోది కాగితాలు. మన ఊళ్ళో ఈసీ తియ్యకుండా సెంటు భూమి కూడా కొనం కదా, ఇక్కడ మాత్రం పార్కింగ్ లాట్‌లో క్యాష్ ఇచ్చి, చేత్తో రాసిన బిల్ ఆఫ్ సేల్ జేబులో పెట్టుకుని వచ్చేస్తామనే వాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. టెక్సాస్‌లో ఈ ఇళ్ళ యాజమాన్యం రికార్డు ఉండేది రాష్ట్ర హౌసింగ్ డిపార్ట్‌మెంట్‌లోని మాన్యుఫాక్చర్డ్ హౌసింగ్ డివిజన్ దగ్గర. వాళ్ళిచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్ మీ పేరు మీదకి మారితేనే ఇల్లు మీది. వాళ్ళ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి చూస్తే ఓనర్ ఎవరో, దాని మీద లోన్ గానీ, కౌంటీకి కట్టని పన్ను గానీ లీన్‌గా, అంటే ఇంటి మీద బాకీ హక్కుగా, నమోదై ఉందో లేదో తెలుస్తుంది. పాత పన్ను బాకీలు అమ్మినవాడితో పోవు, ఇంటిని పట్టుకుని మీ నెత్తిన పడతాయి. ఫ్లోరిడాలో అయితే కారుకిచ్చినట్టు టైటిల్ ఇస్తారు, డబుల్ వైడ్‌కి ఒక్కో సగానికి ఒక్కో టైటిల్, కాబట్టి ఒక్కటే చేతిలో పెడితే రెండోదెక్కడని అడగాలి. "ఇల్లు మా నాన్నది, పోయారు, నేనే అమ్ముతున్నా" అని చెప్తే ఆ వారసత్వం తేలి కాగితం ఆ అమ్మేవాడి పేరు మీదకి వచ్చేదాకా ఒక్క డాలర్ కూడా ఇవ్వొద్దు.

తర్వాత తయారైన తేదీ. 1976 జూన్ 15 అన్నది గుర్తుపెట్టుకోండి. ఆ రోజు నుంచి హడ్, అంటే కేంద్ర ప్రభుత్వ హౌసింగ్ శాఖ, పెట్టిన కోడ్ అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కట్టినవాటిని చాలా కౌంటీలు, పార్కులు కొత్తగా తెచ్చి పెట్టనివ్వవు, లోన్ దొరకడమూ కష్టమే. తర్వాత కట్టిన ప్రతి సెక్షన్‌కీ బయట గోడ మీద ఒక చిన్న ఎర్ర రేకు బిగించి ఉంటుంది, దాని మీద నంబర్ ఉంటుంది. లోపల డేటా ప్లేట్ అని ఒక కాగితం అతికిస్తారు, సాధారణంగా కిచెన్ క్యాబినెట్ తలుపు వెనకో, బెడ్రూమ్ క్లోజెట్‌లోనో, కరెంటు ప్యానెల్ దగ్గరో. అందులో విండ్ జోన్, అంటే ఎంత గాలిని తట్టుకునేలా కట్టారన్నది, చూడండి. 1992లో ఆండ్రూ తుఫాను ఫ్లోరిడాలో ఈ ఇళ్ళని తుడిచిపెట్టాక 1994లో గాలి ప్రమాణాలు కఠినం చేశారు. జోన్ 1 ఇల్లు డాలస్ దగ్గర పనికొస్తుంది, దాన్నే తీసుకెళ్ళి గాల్వెస్టన్ తీరంలో పెడతానంటే, 1997 సెప్టెంబర్ 1 నుంచి కట్టినదైతే కుదరదు, అక్కడికి జోన్ 2 కావాలి.

సరే, ఇవన్నీ బాగున్నాయి, ఇప్పుడు ఇల్లు చూద్దాం. ఫోన్‌లో టార్చ్, ఒక స్క్రూడ్రైవర్, పాత బట్టలు చాలు.

షూ విప్పి నడవండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. పాత ఇళ్ళలో సబ్‌ఫ్లోర్, అంటే నేల పై పొర కింద ఉండేది, చెక్క పొట్టు అతికించి చేసిన పార్టికల్ బోర్డు, అది నీళ్ళు తగిలితే నానిన బిస్కెట్ లాగా అయిపోతుంది. టబ్ అంచు, టాయిలెట్ చుట్టూ, వాటర్ హీటర్ ఉన్న అర, వెనక తలుపు ముందు, కిటికీల కింద, ఈ చోట్ల అడుగు నొక్కి వెయ్యాలి. ఒక ఇంట్లో కొత్త వినైల్ పరిచి, బాత్రూమ్‌లో మందపాటి మ్యాట్ వేసి పెట్టారు, మ్యాట్ ఎత్తి మడమతో నొక్కితే టబ్ పక్కన నేల కిందకి దిగింది, వదిలితే పైకి లేచింది. మాతో వచ్చిన పెద్దాయన ఒక్క మాటా మాట్లాడకుండా బయటికి వెళ్ళి స్కర్టింగ్ ప్యానెల్ ఒకటి తీసి టార్చ్ వేశాడు. కింద నల్ల షీట్ ఉంటుంది, బెల్లీ అంటారు, అది ఆ బాత్రూమ్ కింద పొట్టలా సాగి వేలాడుతోంది, పక్కనే చిరిగిన చోట గులాబీ రంగు ఇన్సులేషన్ తడి ముద్దలై నేల మీద పడి ఉంది. నీళ్ళు ఇంకా కారుతున్నాయన్నమాట. ఫొటోల్లో ఆ బాత్రూమ్ తళతళా మెరిసిపోయింది.

కిందకి దూరినప్పుడే పైపులూ చూడండి. బూడిద రంగు ప్లాస్టిక్ పైపు మీద పీబీ 2110 అని ముద్ర ఉంటే అది పాలీబ్యూటిలీన్, 1970ల చివరి నుంచి 1990ల మధ్య దాకా విపరీతంగా వాడారు, జాయింట్ల దగ్గర లీకులకి పేరుమోసింది, మొత్తం మార్పించే ఖర్చు లెక్కేసుకోవాల్సిందే. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో పైపులు ఎన్ని ఇళ్ళలో పగిలాయో మనం చూశాం కదా, ఆ తర్వాత రిపేర్ ఎవరు చేశారో, ఏం మార్చారో అడగండి. దిమ్మలు ఒరిగాయా, యాంకర్ పట్టీలు బిగువుగా ఉన్నాయా, తుప్పు పట్టాయా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. లోపల తలుపులు వాటంతటవే తెరుచుకుంటుంటే, కిటికీలు బిగుసుకుపోతుంటే ఇల్లు లెవెల్ తప్పిందని అర్థం. అది మరీ భయపడాల్సిన విషయం కాదు, రీలెవెలింగ్ చేసేవాళ్ళున్నారు. డబుల్ వైడ్‌లో రెండు సగాలూ కలిసే మ్యారేజ్ లైన్ వెంబడి సీలింగ్ మీద గోధుమ రంగు మరకలుంటే మాత్రం నేనైతే వెనక్కి తిరిగి చూడను.

రిపేర్ సామాన్లు అన్నీ హోమ్ డిపోలో దొరుకుతాయనుకోకండి. పాతవాటిలో టబ్ మామూలు 60 అంగుళాలది కాకుండా 54 అంగుళాలది ఉంటుంది, బయటి తలుపు 80కి బదులు 76 అంగుళాలది. వాటర్ హీటర్, ఫర్నేస్ కూడా ఈ ఇళ్ళకి ఆమోదించినవే పెట్టాలి. 1970ల తొలి ఇళ్ళలో అల్యూమినియం వైరింగ్ ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్ చూడకుండా ముందుకెళ్ళొద్దు.

ఇంకొకటి, 2005లో కత్రినా తుఫాను బాధితులకి ప్రభుత్వం ఇచ్చిన ట్రైలర్లలో ఆరోగ్యానికి చెరుపు చేసే ఫార్మాల్డిహైడ్ వాయువు ఎక్కువగా ఉందని 2008లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పరీక్షల్లో తేలింది, ఆ తర్వాత అవి వేలంలో చేతులు మారి ఎక్కడెక్కడికో చేరాయి. కాబట్టి ఆ కాలంనాటి ట్రైలర్ నమ్మలేనంత చవగ్గా వస్తే చరిత్ర అడగండి.

డబ్బు సంగతికొస్తే, నేల లేకుండా ఇల్లు మాత్రమే కొంటే మామూలు మార్ట్‌గేజ్ రాదు, చాటెల్ లోన్ అని వస్తుంది, వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. మరీ చవక ఇళ్ళకి అదీ ఇవ్వరు, క్యాషే. ఇన్సూరెన్స్ విషయం ఎవరూ ముందు ఆలోచించరు, కానీ నా మాట విని అడ్వాన్స్ ఇచ్చే ముందే సీరియల్ నంబర్, తయారైన సంవత్సరం, పైకప్పు వయసు చెప్పి ఇద్దరు ముగ్గురు ఏజెంట్లకి ఫోన్ చెయ్యండి. వడగళ్ళ దెబ్బకి పైకప్పుల క్లెయిములు ఎక్కువ కాబట్టి పాత ఇల్లంటే కొందరు వెంటనే కుదరదంటారు, ఇచ్చినా మార్కెట్ విలువ వరకే ఇస్తామంటారు. ఆ ముగ్గురూ కాదంటే ఆ ఇంటికి మీరిచ్చే 15 వేలూ ఒక్క గాలివానకి పోయినా ఫరవాలేదా అన్నది ఆలోచించుకుని అప్పుడు అమ్మేవాడికి ఫోన్ చెయ్యండి.