శ్మశానంలో టీ తాగిన రోజు

బ్రిస్టల్ వెళ్తున్నానంటే ఆఫీసులో అందరూ సస్పెన్షన్ బ్రిడ్జి చూడమన్నారు, రేవులో పాత ఆవిరి ఓడ చూడమన్నారు. సమాధులు చూడ్డానికి వెళ్తున్నానని చెప్పలేక తలూపి ఊరుకున్నాను.

కారణం మా స్కూలు సోషల్ పుస్తకం. రాజా రామ్మోహన్ రాయ్ అంటే అందులో సతీసహగమనం, 1829, బ్రహ్మసమాజం. అంతే. ఆయన ఇంగ్లాండులోనే పోయారని, సమాధి బ్రిస్టల్లోనే ఉందని నాకు ఈ దేశం వచ్చాకే తెలిసింది.

టెంపుల్ మీడ్స్ స్టేషన్లో దిగి ముందు దగ్గర్లోనే ఉన్న సెయింట్ మేరీ రెడ్‌క్లిఫ్ చర్చికి నడిచాను. ఆవరణలో గడ్డిలోంచి ఏటవాలుగా ఒక ఇనప పట్టా పైకి లేచి ఉంది. 1941 గుడ్ ఫ్రైడే రాత్రి పక్క వీధిలో బాంబు పడితే ట్రాము పట్టా ముక్క ఇళ్ళ మీదుగా ఎగిరొచ్చి ఇక్కడ దిగబడిందట. పీకేయకుండా అలాగే ఉంచారు. ఇంకో మూల చిన్న రాయి మీద ‘చర్చి పిల్లి, 1912–1927’ అని ఉంది. పదిహేనేళ్ళు బతికిందన్నమాట, అదృష్టమే.

అక్కణ్ణించి బాత్ రోడ్డు మీద ఆర్నోస్ వేల్ దాకా నడక. ఊళ్ళో చర్చి ఆవరణలు నిండిపోయి ఇక చోటు లేకపోతే 1839లో ఊరి బయట తెరిచిన శ్మశానం ఇది. నలభై అయిదు ఎకరాలు. మధ్యలో పట్టించుకునేవాళ్ళు లేక అడివైపోయింది. అప్పటి యజమాని ఇళ్ళ స్థలాలుగా మార్చబోతే ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2003లో కౌన్సిల్ స్వాధీనం చేసుకుంది. ఇప్పుడు లోపల కాఫీ హోటలుంది, పెళ్ళిళ్ళు కూడా చేస్తారు!

గేటు దాటాక కొద్ది దూరంలోనే రామ్మోహన్ రాయ్ సమాధి మీది ఛత్రి కనిపించింది. చుట్టూ శిలువలు, దేవదూతలు, ఐవీ తీగలు. వాటి మధ్య స్తంభాల మీద నిలబెట్టిన బెంగాలీ మంటపం. ఎవరో గుడి తీసుకొచ్చి మర్చిపోయినట్టుంది.

రామ్మోహన్ రాయ్ ఢిల్లీ పాదుషా తరఫున పింఛను పెంచమని అడగడానికి 1831లో ఇంగ్లాండు వచ్చారు. ‘రాజా’ బిరుదు ఆ పాదుషా ఇచ్చిందే. 1833 సెప్టెంబరులో బ్రిస్టల్ శివార్లలోని స్టేపుల్టన్ గ్రోవ్ అనే ఇంట్లో అతిథిగా ఉండగా జ్వరం వచ్చి, 27న కన్నుమూశారు. క్రైస్తవుల శ్మశానంలో వద్దు, ఆ మతాచారాలతో వద్దు అని ముందే చెప్పి ఉన్నారు. కులం పోయిందంటే ఊళ్ళో కొడుకుల ఆస్తికి చిక్కొస్తుందని భయం. అందుకే ఆ ఇంటి తోటలోనే పూడ్చారు. పదేళ్ళ తర్వాత, 1843లో, ద్వారకానాథ్ ఠాగూర్ చొరవతో ఇక్కడికి మార్చారు.

నన్ను పట్టుకున్న సంగతి ఇంకోటుంది. పోయేనాటికి ఆయన ఒంటి మీద జంధ్యం ఉంది. విగ్రహారాధన తప్పని జీవితమంతా వాదించిన మనిషి దాన్ని మాత్రం తీయలేదు. నమ్మకమా, ఆస్తి జాగ్రత్తా? రాతి మీద మాత్రం దేవుడొక్కడేనని గట్టిగా నమ్మినవాడు అని చెక్కారు. జంధ్యం ఊసు లేదు.

ఇదే శ్మశానంలో జార్జ్ ముల్లర్ సమాధి కూడా ఉంది. బ్రిస్టల్లో వేలమంది అనాథల్ని పెంచిన ఆయన. వెతుక్కుంటూ వెళ్ళాను, ఎందుకంటే మాది నర్సాపురం దగ్గర. ముల్లర్ బావమరిది ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ 1836లో ఇంగ్లాండు నుంచి వెంటబెట్టుకొచ్చిన బౌడెన్, బీర్ దంపతులే మా గోదావరి డెల్టా మిషన్ అనే క్రైస్తవ ప్రచార సంస్థకి మొదటివాళ్ళు. ఆ గ్రోవ్స్ 1853లో పోయింది ముల్లర్ ఇంట్లోనే.

టీ తాగుతుంటే అమ్మ ఫోను. “అంత దూరం వెళ్ళి వెళ్ళి శ్మశానానికా? పైగా అక్కడ తింటున్నావా?” కేకు కూడా తిన్నానని చెప్పలేదు.

సాయంత్రం ఇంకో సమాధి కోసం బ్రిస్టల్లోనే ఉన్న హెన్‌బరీ వెళ్ళాలి. రోడ్డుకి అవతలి వైపు బస్సెక్కి పావుగంట తర్వాత తప్పు తెలుసుకుని, దిగి, మళ్ళీ ఎక్కి ఎలాగో చేరాను. సెయింట్ మేరీ చర్చి ఆవరణలో తల దగ్గరొకటి, కాళ్ళ దగ్గరొకటి రెండు రాళ్ళు. నల్లని ముఖాల చిట్టి దేవదూతలు, పెయింటు వేసి ఉన్నాయి. సిపియో ఆఫ్రికానస్, సఫోక్ ప్రభువు గారి సేవకుడు, 1720 డిసెంబరు 21న, పద్దెనిమిదో ఏట పోయాడు. అది రోమన్ సేనాపతి పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు రాతి మీద లేదు. కాళ్ళ దగ్గరి రాయి అతని నోటితోనే మాట్లాడుతుంది: అన్యమతంలో బానిసగా పుట్టినవాణ్ణి, ఇప్పుడు క్రైస్తవుడిగా హాయిగా నిద్రపోతున్నాను అని. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఆ మాటే అంటాడా? రాయించినవాళ్ళకు అలా వినాలనిపించింది, అంతే.

2020 జూన్‌లో ఈ ఊరి జనం బానిసల వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని లాగి రేవులో పడేశారు. కొద్ది రోజులకే ఎవరో వచ్చి ఈ కుర్రాడి సమాధి రాయి పగలగొట్టారు. తర్వాత బాగుచేశారు. మోకాళ్ళ మీద వంగి అతుకు ఎక్కడుందా అని వెతుకుతుంటే, కుక్కని తిప్పుతున్న పెద్దావిడ ఆగి, ఏమైనా పోగొట్టుకున్నావా అని అడిగింది. లేదండీ, చదువుతున్నాను అన్నాను.