గంటల లెక్క మొదటి వారం నుంచే రాయండి

అమెరికాలో క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ చేసేవాళ్ళు, అది పీహెచ్‌డీ అయినా సైడీ (వైద్య సేవకే మొగ్గే సైకాలజీ డాక్టరేట్) అయినా, ఏడాదిపాటు ఇంటర్న్‌షిప్ చేస్తేగాని పట్టా చేతికి రాదు. ఆ సీట్లలో చాలావరకు యాపిక్ అనే ఇంటర్న్‌షిప్ కేంద్రాల సంఘం నడిపే మ్యాచ్‌లోనే, అంటే అభ్యర్థుల్నీ కేంద్రాల్నీ జతచేసే పద్ధతిలోనే, దొరుకుతాయి. దరఖాస్తులో ఎక్కువమందిని ఏడిపించేది వ్యాసాలు కాదు, ప్రాక్టికమ్ (చదువుతున్నప్పుడే క్లయింట్లతో చేసే శిక్షణ పని) గంటల పట్టిక. ఇన్నేళ్ళుగా చేసిన పనినంతా అందులో గడిగడికీ సర్దాలి. దరఖాస్తు పెట్టేముందు పాత క్యాలెండర్లు ముందేసుకుని అక్టోబరులో మొదలుపెడితే అది తేలే లెక్క కాదు.

పద్దులు మూడు: క్లయింటుతో ముఖాముఖి గడిపినది, సూపర్‌విజన్ (మన కేసుల గురించి సీనియర్‌తో కూర్చుని మాట్లాడుకోవడం), మిగతా సహాయక పని. ఒక గంటను రెండు పద్దుల్లో వేయకూడదు. అందరూ బోల్తాపడేది అసెస్‌మెంట్ (మానసిక పరీక్షలు పెట్టి అంచనా వేయడం) దగ్గర. ఒక కేసులో పరీక్షలు పెట్టడానికి రెండు గంటలు, ఫలితాలు వివరించడానికి ఒక గంట, స్కోరింగ్‌కి ఒకటి, రిపోర్టు రాయడానికి ఆరు పట్టాయనుకోండి. ఈ పది గంటల్లో ముఖాముఖి మూడే. స్కోరింగ్, రాత సహాయక పనిలోకి పోతాయి. ఏడాదంతా అసెస్‌మెంట్ క్లినిక్‌లో అరిగిపోయినవాళ్ళకి ముఖాముఖి గంటలు తక్కువ కనబడేది ఇందుకే.

45–50 నిమిషాల సెషన్‌ను దరఖాస్తులో ఒక గంటగా వేసుకోవచ్చు. పన్నెండుమందితో రెండు గంటల గ్రూప్ నడిపితే అది రెండు గంటలే, ఇరవైనాలుగు కాదు. జంటతో గంట కూర్చుంటే గంటే లెక్క, కానీ క్లయింట్ల వివరాల పట్టికలో ఇద్దరూ విడివిడిగా లెక్కకొస్తారు. క్లయింటు రాకపోతే ముఖాముఖి సున్నా. గ్రూప్ సూపర్‌విజన్ పేరుతో జరిగే క్లాసు కూడా ఒక చిక్కే: కేసుల మీద చర్చ జరిగినంతసేపే సూపర్‌విజన్, పాఠం చెప్పిన సమయం కాదు. ప్రోగ్రాం ఆమోదం లేకుండా బయట చేసిన ఉద్యోగం గంటలు, అదీ క్లినికల్ పనే అయినా, ప్రాక్టికమ్‌లో చేరవు.

ఇంటిగ్రేటెడ్ రిపోర్టుల సంఖ్య పెద్దలకూ పిల్లలకూ వేర్వేరుగా అడుగుతారు. క్లయింటు చరిత్ర, ఇంటర్వ్యూ, వాటికి తోడు వ్యక్తిత్వం, తెలివితేటలు, కాగ్నిటివ్, న్యూరోసైకాలజీ పరీక్షల్లోంచి కనీసం రెండు, వీటన్నిటినీ కలిపి మనిషి గురించి ఒక మొత్తం చిత్రం ఇస్తేనే అది లెక్కకొస్తుంది. ఇంటర్వ్యూకి ఒక్క పరీక్ష జోడించి రాసినది ఎంత పొడుగున్నా రాదు. చివర్లో ఫైళ్ళు తెరిచి ఏది వస్తుందో ఏది రాదో తేల్చుకోవడం నరకం, రిపోర్టు మీద సంతకం అయిన రోజే గుర్తు పెట్టేయండి.

మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. తేదీ, చోటు, క్లయింట్ కోడ్, వయసు వర్గం, పని రకం, వ్యక్తిగతమా జంటా గ్రూపా, ఎంతమంది, పెట్టిన పరీక్షల పేర్లు, సూపర్‌వైజర్, నిమిషాలు. గంటల్లో కాకుండా నిమిషాల్లోనే రాయాలి. రోజూ పావుగంట పైకి సవరిస్తూ పోతే ఏడాదికి అది అబద్ధమై కూర్చుంటుంది. క్లయింట్ల జాతి, జెండర్, వైకల్యం వివరాలు కూడా అడుగుతారు గనక ఆ గడులూ మొదటే పెట్టుకోవాలి. పేరు, పుట్టినతేదీ, ఫైలు నంబరు మాత్రం షీట్‌లోకి రానే కూడదు. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా క్లినిక్ దాటి బయటికి పోకూడదు.

వారాంతంలో పది నిమిషాలు కూర్చుంటే ఆ వారం పని తీరిపోతుంది. సూపర్‌వైజర్ సంతకం మాత్రం సెమిస్టర్ ముగిసేలోపే తీసుకోండి. వాళ్ళు ఉద్యోగాలు మారిపోతారు, ఆ తరువాత వెతకడం మన వంతు. దరఖాస్తు ప్రోగ్రాం డైరెక్టర్ ధ్రువీకరించాకే ముందుకెళ్తుంది, ఆయనకో ఆమెకో ఆధారం చూపాల్సింది మనమే.

పక్కవాడికి ఎన్ని గంటలున్నాయో కనుక్కుని నిద్ర చెడగొట్టుకునే జబ్బు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటుంది. చాలా ఇంటర్న్‌షిప్ కేంద్రాలు కనీస గంటలు ప్రకటిస్తాయి, ఆ గీత దాటితే చాలు. ఆపైన చూసేది ఆ కేంద్రంలో చేసే పనికీ మనం చేసిన పనికీ పొంతన ఉందా అని. పిల్లల ఆసుపత్రికి దరఖాస్తు పెట్టి, పెద్దలతో చేసిన గంటలు ఎన్ని వందలు చూపినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

దరఖాస్తులో వేసేది నవంబరు 1 నాటికి పూర్తయిన గంటలే. ఆ తరువాత చేయబోయేవి విడిగా చెప్పుకోవాలి. మ్యాచ్ అయిపోయిందని షీట్ చెరిపేయకండి. రాష్ట్రాల లైసెన్సు బోర్డుల నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, కొన్ని ప్రాక్టికమ్ గంటలనీ లెక్కలోకి తీసుకుంటాయి. సంతకాలున్న కాగితాల స్కాన్‌లు యూనివర్సిటీ ఖాతాలో కాకుండా సొంత ఖాతాలో దాచుకోవాలి, చదువు ముగిశాక యూనివర్సిటీ తన ఖాతాను మూసేసే వీలుంది.